క్యాడిలాక్ మొదటి ఎస్‌యూవీ ఎస్కలేడ్ ఎలా పుట్టింది? ఆ "10 నెలల" కథ నిజమేనా?

కొండపల్లి_కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:12
అందరికీ నమస్కారం. ఎస్కలేడ్ గురించి ఎక్కడ చదివినా ఒక మాట తగులుతోంది. ప్రాజెక్టుకు అనుమతి వచ్చిన 10 నెలల్లోనే బండి ఉత్పత్తిలోకి వెళ్లిపోయిందట. కొత్త మోడల్ అంటే మామూలుగా నాలుగైదేళ్ల పని కదా, 10 నెలల్లో ఏం చేయగలిగారు? అంత తొందర దేనికి? ఇవాళ ఎస్కలేడ్-వీ ధర లక్షన్నర డాలర్లు దాటింది. అలాంటి బండి మొదట్లో ఎలా ఉండేదో తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాస్తారా?

పాత_ఇంజిన్ | శుక్రవారం రాత్రి 10:05
నిజమే తమ్ముడూ. 10 నెలలు ఎలా సరిపోయాయంటే, చేయడానికి పెద్దగా పనే లేదు కాబట్టి. క్యాడిలాక్, జీఎంసీ, షెవర్లే అన్నీ జనరల్ మోటార్స్ (జీఎం) బ్రాండ్లే. జీఎంసీ యూకాన్ డెనాలి అనే బండి అప్పటికే తయారవుతోంది. దాని ముందు గ్రిల్ మార్చారు, చక్రాల మధ్య మూతల మీద క్యాడిలాక్ ముద్ర వేశారు, సీట్లకు ఇంకాస్త మంచి తోలు తొడిగారు, లోపల అక్కడక్కడా జీబ్రానో చెక్క అతికించారు, ఆన్‌స్టార్ (ఫోన్ ద్వారా దారి, అత్యవసర సాయం అందించే సేవ) పెట్టి ఇచ్చారు. తలుపులు, టాపు, అద్దాలు, ఛాసిస్ అన్నీ ఉన్నవే. ఇంజిన్ 5.7 లీటర్ల వోర్టెక్ వీ8, 255 హార్స్‌పవర్. అదే ఇంజిన్ షెవర్లే తాహో అనే మామూలు ఎస్‌యూవీలోనూ ఉండేది. ధర మాత్రం 46 వేల డాలర్లు దాటించారు. 1999 మోడల్‌గా 1998 రెండో సగంలో షోరూములకు వచ్చింది.

తొందర ఎందుకంటే లింకన్ నావిగేటర్. 1997 జులైలో ఫోర్డ్ వాళ్లు ఎక్స్‌పెడిషన్ మీద కట్టి, లింకన్ పేరుతో దించారు. 1998లో 40 వేలకు పైగా అమ్ముడుపోయింది. అప్పటిదాకా క్యాడిలాక్ వాళ్లకు ట్రక్కు (అమెరికాలో పికప్‌లనూ ఎస్‌యూవీలనూ కలిపి అలాగే అంటారు) అనేది ఇంటా వంటా లేని వ్యవహారం. క్యాడిలాక్ అంటే పొడుగాటి సెడాన్, మెత్తటి సోఫా, అంతే. ఇక్కడేమో ఏళ్ల తరబడి డెవిల్ అనే క్యాడిలాక్ సెడాన్ కొంటున్న మనిషి పాత కారు అప్పజెప్పి నేరుగా లింకన్ షోరూముకు నడిచిపోతున్నాడు. కళ్లముందు ఖాతా పోతుంటే ఏ డీలరు ఊరుకుంటాడు?

గల్లీ_గేర్ | శుక్రవారం రాత్రి 10:31
అంటే గిది బాలెనోకు బ్యాడ్జి మార్చి గ్లాంజా అన్నట్టే అయింది గదా అన్నా! 😄 మరి జనం ఊకున్నరా?

పాత_ఇంజిన్ | శుక్రవారం రాత్రి 10:52
ఎక్కడ ఊరుకున్నారు? కార్ల పత్రికలన్నీ ఏకిపారేశాయి. క్యాడిలాక్‌కు ఆ దెబ్బ కొత్త కూడా కాదు. 1982 మోడల్‌గా సిమరాన్ అని ఒకటి వచ్చింది. షెవర్లే కావలియర్ అనే చవక కారుకు తోలు సీట్లు వేసి క్యాడిలాక్ అన్నారు. 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 88 హార్స్‌పవర్. 1988 దాకా లాగారు గానీ ఆ పేరు ఇప్పటికీ డెట్రాయిట్‌లో తిట్టులాగే వాడతారు. ఎస్కలేడ్ వచ్చినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చింది సిమరానే.

తేడా ఒక్కటే. సిమరాన్ కొన్నవాడికి పక్కింటి కావలియర్ కనిపిస్తే సిగ్గేసేది. ఎస్కలేడ్ కొన్నవాడికి పక్కింటి తాహో కనిపించినా ఏమీ అనిపించలేదు. పెద్ద ట్రక్కులకు అప్పుడున్న గిరాకీ అలాంటిది.

ఆర్లింగ్టన్_ఆంధ్రుడు | శుక్రవారం రాత్రి 11:20
మా ఊరి పేరు రాకముందే నేనే వచ్చేశా. మొదటి ఎస్కలేడ్ తయారైంది మా టెక్సాస్ ఆర్లింగ్టన్‌లోనే. డాలస్, ఫోర్ట్‌వర్త్‌ల మధ్య హైవే మీద పోయేవాళ్లందరికీ ఆ ప్లాంటు తెలుసు. 1954 నుంచీ ఉంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వెనక చక్రాలతో నడిచే పెద్ద సెడాన్లు, అంటే క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్, షెవర్లే కాప్రిస్, బ్యూక్ రోడ్‌మాస్టర్, వీటి ఆఖరి రోజుల్లో అన్నీ ఇక్కడే కట్టేవారు. 1996 చివర్లో ఆ లైను ఆపేసి ప్లాంటును ట్రక్కులకు మార్చారు. అమ్ముడు కాక కాదు, ముఖ్యంగా కాప్రిస్‌కు పోలీసు శాఖల నుంచి, ట్యాక్సీ వాళ్ల నుంచి మంచి గిరాకీ ఉండేది. కానీ తాహో మీద వచ్చే లాభం ముందు అది ఎందుకూ కొరగాదు. అంటే ఆ తరహా క్యాడిలాక్ ఆఖరి పెద్ద సెడాన్ వెళ్లిన గేటులోంచే రెండేళ్లకు క్యాడిలాక్ మొదటి ట్రక్కు బయటికొచ్చింది.

నేనిక్కడికి వచ్చేనాటికి రెండో తరం బళ్లు తిరుగుతున్నాయి. మొదటి తరంది ఎప్పుడైనా పాత కార్ల లాట్‌లో కనబడితే నాలాంటివాళ్లకు తాహోకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం.

లెక్కల_మాస్టారు | శనివారం ఉదయం 6:48
బండి గురించే మాట్లాడుకుంటున్నారు గానీ దాని వెనక చట్టం గురించి ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే ఎస్కలేడ్‌ను సగం కన్నది వాషింగ్టన్.

1975 చట్టం ప్రకారం అమెరికాలో ప్రతి కంపెనీ తన కార్లకు సగటు మైలేజీ చూపించాలి. 1990ల రెండో సగంలో కార్లకు గ్యాలన్‌కు 27.5 మైళ్లు, తేలికపాటి ట్రక్కులకు 20.7 మైళ్లు. ఎస్‌యూవీ ఏ ఖాతాలోకి వస్తుంది? ట్రక్కు ఖాతాలోకి. అంటే అదే వీ8 ఇంజిన్‌ను ఫ్లీట్‌వుడ్‌లో పెడితే సగటు పాడవుతుంది, తాహోలో పెడితే కొలత వేరు.

ఇంకా వినండి. 1978 చట్టం తెచ్చిన గ్యాస్ గజ్లర్ పన్ను (పెట్రోలు ఎక్కువ తాగే బళ్ల మీద వేసేది) కార్లకే, ట్రక్కులకు లేదు. 1991 నుంచి 30 వేల డాలర్లు దాటిన కార్ల మీద, దాటిన మొత్తానికి 10 శాతం లగ్జరీ పన్ను వేశారు. 6,000 పౌండ్ల స్థూల బరువు (మనుషులు, సరుకుతో కలిపి బండికి అనుమతించే గరిష్ఠ బరువు) మించిన ట్రక్కులకు అందులోంచి మినహాయింపు. రైతులూ మేస్త్రీలూ పని కోసం కొనుక్కునే ట్రక్కుల కోసం పెట్టిన వెసులుబాటు అది. దాంట్లోంచి తోలు సీట్ల నావిగేటర్, ఎస్కలేడ్ దర్జాగా దూరిపోయాయి. 46 వేల డాలర్ల సెడాన్ కొన్నవాడు లగ్జరీ పన్ను కట్టాలి, అదే ధర ఎస్కలేడ్ కొన్నవాడు కట్టక్కర్లేదు! ఆ పన్ను తర్వాత ఏటా తగ్గుతూ 2002తో ముగిసిందనుకోండి, కానీ ఈ బళ్లు పుట్టిన కాలంలో ఉంది.

గల్లీ_గేర్ | శనివారం ఉదయం 8:15
మాస్టారూ, మన దగ్గర ఉల్టా గదా! 2013 బడ్జెట్‌ల ఎస్‌యూవీల ఎక్సైజ్ 27 నుంచి 30 శాతానికి పెంచిండ్రు. పొడవు 4 మీటర్లు దాటాలె, ఇంజిన్ 1500 సీసీ దాటాలె, గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు ఉండాలె, అప్పుడే ఎస్‌యూవీ అని లెక్క. కంపెనీలు ఏం తక్కువ తిన్నయా? కొలత చూసుకుని బండి తయారు చేసుడు షురూ చేసినయి. 4 మీటర్ల లోపు బండ్లు మన రోడ్ల మీద ఇన్ని ఎట్ల పుట్టినయి మరి?

లెక్కల_మాస్టారు | శనివారం ఉదయం 8:40
సరిగ్గా పట్టుకున్నావు నాయనా. అక్కడ బరువు పెంచితే లాభం, ఇక్కడ పొడవు తగ్గిస్తే లాభం. ఇంజినీరు గీత గీసే ముందు పక్కన ఆడిటర్ కూర్చుంటాడు.

డ్రైవింగ్_సీట్లో_సీత | శనివారం ఉదయం 9:27
పన్నులూ లింకనూ సరే, నేను కొంచెం విభేదిస్తాను. నావిగేటర్ ఒక్కదాన్ని చూసి భయపడ్డారనడం పూర్తి కథ కాదు. అప్పటికి రంగంలో ఎవరెవరున్నారో చూడండి. 1996లో లెక్సస్ ఎల్ఎక్స్ 450 వచ్చింది. అదీ బ్యాడ్జి మార్పే, లోపల టయోటా ల్యాండ్ క్రూయిజర్. అదే ఏడాది అక్యురా ఎస్ఎల్ఎక్స్, అది ఇసుజు ట్రూపర్. ఇన్ఫినిటీ క్యూఎక్స్4 అయితే నిస్సాన్ పాత్‌ఫైండర్. 1997లో మెర్సిడెస్ ఏకంగా అలబామాలో టస్కలూసా దగ్గర ఫ్యాక్టరీ పెట్టి ఎం-క్లాస్ కట్టింది. అంటే ఇన్ని లగ్జరీ బ్రాండ్లు ఎస్‌యూవీ దించేశాక ఆలస్యంగా నిద్ర లేచింది క్యాడిలాకే. బ్యాడ్జి మార్చారని దాన్నొక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు, ఆ దశాబ్దంలో చాలామంది చేసిన పనే అది.

నాకు కోపం వచ్చేది ఇంకో విషయంలో. మొదటి ఎస్కలేడ్‌లో ఐదుగురికే చోటు. మూడో వరుస సీటు లేదు! నావిగేటర్‌లో మూడు వరుసలు ఉండేవి. ఇంత పెద్ద బండి ఎవరికోసం చేస్తున్నారు? పిల్లలు, వాళ్ల స్నేహితులు, పండక్కి వచ్చిన అత్తమామలు, వీళ్లందరినీ ఎక్కించుకోవాలనే కదా కొనేది? గ్రిల్ మార్చడానికి టైముంది, సీటు వేయడానికి లేదా?

పాత_ఇంజిన్ | శనివారం ఉదయం 10:10
సీతగారూ, సీటు విషయంలో మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తా. పాత తాహో, యూకాన్ ఛాసిస్‌లో మూడో వరుసకు ఏర్పాటు లేదు. అది కావాలంటే తాహో కంటే పొడుగైన షెవర్లే సబర్బన్ పొడవుకు వెళ్లాలి, లేదా కొత్త ఛాసిస్ కోసం ఆగాలి. ఆగితే ఇంకో రెండేళ్లు లింకన్ దున్నేస్తుంది.

అసలు తమాషా ఏమిటంటే జీఎం దగ్గర కొత్త ట్రక్కు ఛాసిస్ జీఎంటీ800 అప్పటికే దాదాపు సిద్ధంగా ఉంది. 1999 మోడల్ సిల్వరాడో పికప్ దాని మీదే వచ్చింది. 2000 మోడల్ తాహో, యూకాన్ కూడా. ఎస్కలేడ్‌నేమో 1988 నాటి పికప్పులతో మొదలైన జీఎంటీ400 మీద కట్టారు. కాబట్టి 2000లో మామూలు తాహో కొన్నవాడికి కొత్త ఛాసిస్, అంతకంటే ఎంతో ఎక్కువ పెట్టి ఎస్కలేడ్ కొన్నవాడికి పాత ఛాసిస్. పైగా ఎస్కలేడ్ 255 హార్స్‌పవర్‌తో వచ్చి, మొదట్లో 230తో ఉన్న నావిగేటర్ మీద పైచేయి అని సంబరపడేలోపే, 1999 మధ్యలో లింకన్ వాళ్లు 32 వాల్వుల ఇంజిన్ పెట్టి 300కు తీసుకెళ్లారు.

మెకానిక్_మస్తాన్ | శనివారం మధ్యాహ్నం 1:33
అన్నలకు నమస్తే. మాది కడప జిల్లా, కువైట్‌లో గ్యారేజీలో పనిచేసినోణ్ని. అక్కడ ఈ అమెరికా బండ్లకు ఉండే మోజు మీరు చూడాల. జీఎంసీని అరబ్బులు "జిమ్స్" అంటారు. పెట్రోలు చవక, రోడ్లు వెడల్పు, ఎండకు ఏసీ గట్టిగా కొట్టాల. ఇంకేం కావల్ల?

మొదటి తరం ఎస్కలేడ్ మా కాడికి వస్తే నాకు పండగే. పార్టులు వెతుక్కునే పని లేదు. ఫిల్టర్లు, బెల్టులు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ సామాను ఏదైనా తాహోదే తెచ్చి వేసేవోళ్లం. కిందికి దూరి చూస్తే అది క్యాడిలాకో షెవర్లేనో చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. ఓనర్లకు ఆ మాట చెప్పకూడదు మళ్లా! గ్రిల్లు, లోపలి చెక్క, బ్యాడ్జీలు, ఇవి మాత్రం దానివే దొరకాల, అవి ఖరీదు. మీరంతా దాన్ని తిడతాండారు గానీ, నడిపేటోనికి ఇది మేలే గదన్నా. లక్షల్లో తయారయ్యే ఇంజిను, ఎక్కడ బడితే అక్కడ రిపేరు చేసేటోడు ఉంటాడు.

కొండపల్లి_కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 2:02
మస్తాన్ అన్నా, సూపర్! ఒక్క సందేహం. ఇంత చేశాక క్యాడిలాక్ అనుకున్నది సాధించిందా? 1998లో లింకన్‌ను దాటిందా?

పాత_ఇంజిన్ | శనివారం సాయంత్రం 4:45
ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా. కథలో అసలైన ఘట్టం ఇదే.

అమెరికా లగ్జరీ కార్ల అమ్మకాల్లో క్యాడిలాక్ దశాబ్దాలుగా నంబర్ వన్. 1998లో మొదటిసారి ఆ కుర్చీ కదిలింది, నావిగేటర్ పుణ్యమా అని. ఏడాది చివర్లో ఇద్దరూ ముక్కూముక్కూ రాసుకునేంత దగ్గరగా వచ్చారు. 1999 జనవరిలో లెక్కలు వెలువడ్డాయి. క్యాడిలాక్ 1,87,343. లింకన్ 1,87,121. కేవలం 222 బళ్ల తేడాతో క్యాడిలాక్ గెలిచింది! డిసెంబరులో కొత్త ఎస్కలేడ్లు అనూహ్యంగా అమ్ముడవడమే కారణమన్నారు.

మే నెలలో జీఎం నోరు విప్పింది. డిసెంబరు లెక్కల్లో అమ్మకాలు ఎక్కువ చేసి చూపారు, అసలు సంఖ్యకు 4,773 బళ్లు కలిపారు అని. వాటిని తీసేస్తే క్యాడిలాక్ 1,82,570. అంటే 1998 విజేత లింకన్. జీఎం బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. నాలుగు నెలలు ఆగితే తేలిపోయే విషయానికి అంత పెద్ద కంపెనీలో అంకెలు దిద్దేదాకా వెళ్లారంటే, ఆ "నంబర్ వన్" పట్టా కోసం లోపల ఎంత ఒత్తిడి ఉండి ఉండాలి? ఎస్కలేడ్ 10 నెలల్లో పుట్టడానికీ కారణం ఆ ఒత్తిడే. డిజైనరు కలగన్న బండి కాదిది. పోటీలో ఓడిపోతామన్న భయంతో సేల్స్ విభాగం కన్న బండి.

డ్రైవింగ్_సీట్లో_సీత | శనివారం సాయంత్రం 5:20
4,773?! ఇది నిజంగా తెలియదు నాకు. గెలవడానికి 223 చాలు కదా, అంత ఎందుకు కలిపారు?

లెక్కల_మాస్టారు | శనివారం సాయంత్రం 5:41
అమ్మా, అసలు సంఖ్యకూ లింకన్‌కూ తేడా 4,551. దాన్ని దాటాలంటే అంత కలపాల్సిందే. కలిపాక మిగిలిన తేడా 222. తీసివేతలు చేసి చూడండి, అతికినట్టు సరిపోతాయి. ఎక్కడ ఆపాలో తెలిసే ఆపారన్న అనుమానం నాకైతే పోదు.

వేదిక_నిర్వాహకుడు | శనివారం సాయంత్రం 6:05
హీరోల కార్ల గురించి ఇక్కడ వేసిన మూడు పోస్టులు తొలగించాను. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ ఎస్కలేడ్ పుట్టుక వరకే.

బందరు_బేరింగ్ | శనివారం రాత్రి 8:18
ఇప్పుడే మొత్తం చదివాను. ఒక చిన్న పేచీ. ఎస్కలేడ్‌ను "జీఎం మొదటి లగ్జరీ ఎస్‌యూవీ" అని కొందరు రాస్తుంటారు. క్యాడిలాక్‌కు మొదటిదే గానీ జీఎంకు కాదు. 1991 మోడల్‌గా ఓల్డ్స్‌మొబైల్ బ్రవాడా వచ్చింది. షెవర్లే ఎస్-10 బ్లేజర్ తమ్ముడే, కాకపోతే తోలు సీట్లు, హంగూ ఆర్భాటం. జీఎంను వదిలేసి ఇంకా వెనక్కి పోతే 1966 జీప్ సూపర్ వాగనీర్‌లో ఆటోమేటిక్ గేరు, ఏసీ, పవర్ స్టీరింగ్ అన్నీ ఉన్నాయి. ఇంగ్లండులో రేంజ్ రోవర్ 1970లో వచ్చింది, కానీ అప్పుడు దాని లోపల నీళ్లు కొట్టి కడుక్కునే రబ్బరు, ప్లాస్టిక్కే. లగ్జరీ తర్వాత ఎక్కింది.

పాత_ఇంజిన్ | శనివారం రాత్రి 8:50
బందరు గారి పేచీ న్యాయమే. బ్రవాడాను అందరూ మరిచిపోతారు, ఓల్డ్స్‌మొబైలే లేకుండా పోయింది కదా.

ఆర్లింగ్టన్_ఆంధ్రుడు | శనివారం రాత్రి 9:36
మొదటి తరం 1999, 2000 రెండు మోడల్ ఏళ్లే. 2001 మోడల్ అసలు లేదు. 2001 మొదట్లో నేరుగా 2002 మోడల్ దించారు, జీఎంటీ800 మీద. నా దృష్టిలో అసలు ఎస్కలేడ్ పుట్టింది అప్పుడే. మూడో వరుస వచ్చింది (సీతగారూ, విన్నారా), 6 లీటర్ల వీ8, 345 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్. ముఖం కూడా తాహోది కాదు, అంచులు తేలిన క్యాడిలాక్ ముఖం. 1999 డెట్రాయిట్ షోలో ఎవోక్ అనే కాన్సెప్టుతో మొదలైన కొత్త డిజైన్ ధోరణి ఈ ట్రక్కు దాకా వచ్చింది.

ఆ తర్వాత బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు, హిప్‌హాప్ వాళ్లు ఎగబడ్డారు. అరవై దాటిన పెద్దమనుషుల బ్రాండును ఇరవై ఏళ్ల కుర్రాళ్లు పాటల్లో తలుచుకున్నారు. కంపెనీ ముందే వేసిన పథకమని నేననుకోను, కలిసొచ్చింది.

డ్రైవింగ్_సీట్లో_సీత | శనివారం రాత్రి 10:02
విన్నాను, మూడో వరుసకు ధన్యవాదాలు 🙂 కానీ ఒక మాట. ఎస్కలేడ్ దారి ఒకటైతే, 1998లోనే లెక్సస్ ఆర్ఎక్స్ 300 ఇంకో దారి చూపించింది. ట్రక్కు ఛాసిస్ లేకుండా, కారు పద్ధతిలో కట్టిన ఎస్‌యూవీ. ఇవాళ వీధిలో నిలబడి లెక్కపెట్టండి, ఎవరి దారిలో ఎక్కువమంది నడిచారో. క్యాడిలాక్ కూడా 2004 మోడల్‌గా ఎస్ఆర్ఎక్స్ తెచ్చి ఆ దారి పట్టాల్సి వచ్చింది.

మెకానిక్_మస్తాన్ | శనివారం రాత్రి 10:40
సీతక్కా, ఎడారిలో ఆరెక్స్ 300 ఎక్కి ట్రైలర్ లాగు చూద్దాం, అప్పుడు మాట్లాడదాం 😀

గల్లీ_గేర్ | ఆదివారం ఉదయం 7:55
ఇంకో ముచ్చట. వ్యాపారస్తులకు ఈ బండి మీద పన్ను మాఫీ ఉండెనట గదా మాస్టారూ? ఎవరో డాక్టర్లంతా గందుకే కొన్నరని చెప్పిండ్రు.

లెక్కల_మాస్టారు | ఆదివారం ఉదయం 8:30
మాఫీ కాదు నాయనా, తరుగుదల కింద ఒకేసారి రాసుకునే వీలు. సెక్షన్ 179 అంటారు. 6,000 పౌండ్లు మించిన బండిని వ్యాపారానికి వాడితే వర్తిస్తుంది. 2003లో ఆ పరిమితిని లక్ష డాలర్లకు పెంచారు. ఇక చూడండి, క్లినిక్ పెట్టుకున్న డాక్టరు గారు, రియల్ ఎస్టేట్ ఏజెంటు గారు, అందరికీ ఒక్కసారిగా భారీ ట్రక్కు అవసరం పడింది! గొడవయ్యాక 2004 చివర్లో ఎస్‌యూవీల వరకు 25 వేలకు కుదించారు. అయితే ఇది రెండో తరం నాటి మాట. ఎస్కలేడ్ పుట్టుకకు దీనికీ సంబంధం లేదు, పెరుగుదలకు ఉంది.

కొండపల్లి_కుర్రాడు | ఆదివారం ఉదయం 9:10
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆఖరిది ఒక్కటే. వెనక పికప్‌లాగా తెరిచి ఉండే ఎస్కలేడ్ ఒకటి ఫొటోల్లో చూశాను. ఎవరైనా సొంతంగా కోసి చేయించుకున్నదా, కంపెనీదేనా?

ఆర్లింగ్టన్_ఆంధ్రుడు | ఆదివారం ఉదయం 9:34
కంపెనీదే. ఎస్కలేడ్ ఈఎక్స్‌టీ. 2002 మోడల్‌గా వచ్చింది, షెవర్లే అవలాంచ్ దానికి అన్న. మరుసటి ఏడాది సబర్బన్ పొడవుతో ఈఎస్‌వీ వచ్చింది. ఈఎక్స్‌టీ మా ఆర్లింగ్టన్‌ది కాదు, మెక్సికోలో సిలావోలో కట్టేవాళ్లు. 2013 మోడల్‌తో ఆపేశారు. లింకన్ వాళ్లూ బ్లాక్‌వుడ్ అని ఒక లగ్జరీ పికప్ వదిలారు, 2002లో, ఒక్క ఏడాదికే మూత పడింది. దాని మీద వేరే చర్చ మొదలుపెట్టు తమ్ముడూ, వచ్చి రాస్తా.